కొలువు విడిచిన సిపాయికి పూచీదారు



యుద్ధమునకు పోవు సిపాయిని గూర్చి పాటలు కలవు, కథలు కలవు. యుద్ధమునుండి మరలి వచ్చి, వయస్సు మళ్లి, ఇంటి అరుగుపై కూర్చున్న సిపాయిని గూర్చి చెప్పువారు తక్కువ. ఈ పూట నేను ఆ రెండవ వానిని గూర్చియే మాటలాడదలచితిని. వానికి బత్తెము ఎవరు పెట్టిరి? ఎవరు జాగు చేసిరి? రాజ్యమున వాని మొఱ ఆలకింపవలసిన మంత్రి ఎవడు? ఈ ప్రశ్నలకు మన గడ్డమీది చరిత్ర యేమి జవాబు చెప్పుచున్నదో చూతము.

సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజు కొలువునకు వచ్చి కుశలప్రశ్నలు అడుగు ఘట్టమును మీలో పలువురు పురాణ కాలక్షేపమున వినియే యుందురు. ఆ ప్రశ్నలు చాల ఉన్నవి. వానిలో రెండు మన విషయమునకు సంబంధించినవి. సేనకు ఈయవలసిన బత్తెమును జీతమును వేళకు ఇచ్చుచున్నావా, జాగు చేయుట లేదుగదా అనునది ఒకటి. నీ నిమిత్తమై ప్రాణములు విడిచిన వారి భార్యలను పోషించుచున్నావా అనునది మఱియొకటి. కౌటిల్యుడును తన అర్థశాస్త్రమున, రాజకార్యమునందు మరణించిన వాని ఆలుబిడ్డలకు బత్తెజీతములు ముట్టవలెనని నియమము చేసినాడు. నారదుడు ఈయవలెనని చెప్పి ఊరకుండక, జాగు మాట గూడ ఎత్తినాడు చూడుడు. ఇచ్చెదమన్న ప్రభువులు చరిత్రలో అనేకులు. వేళకు ఇచ్చినవారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును.

పూర్వకాలమున ఈ ఋణమును భూమితో తీర్చెడివారు. మన ఎల్లకు ఆవల కన్నడనాట, యుద్ధమున పడిన వీరుని కుటుంబమునకు ఇచ్చిన నేలను నెత్తరు గొడగె అనిరి. ఊరి పొలిమేరలలో కత్తి పట్టిన వీరుని బొమ్మ చెక్కిన రాళ్లను మీరు చూచియుందురు. వాని వెనుక అట్టి మాన్యముల కథలు ఎన్నియో కలవు. కాకతీయుల నాయంకరమును ఇట్టిదియే, కాకున్న అది బ్రతికి యుండి సేనను పోషించు నాయకునకు ఇచ్చినది. ఆసఫుజాహీల కాలమున జాగీరులు, పాయగాలు వచ్చినవి. పాయగా అనగా నవాబుగారి స్వంత దళములను పోషించుటకు విడిచిన సీమ. భూమి ఇచ్చుటలో ఒక సుగుణమున్నది: సిపాయి ప్రతినెలయు ఎవరి వాకిట నిలువ పనిలేదు. దుర్గుణమును ఉన్నది. నేల బలవంతుని చేతిలో నిలుచును, బలహీనుని చేతినుండి జారును. తరములు గడచిన కొలది దళములు పలుచనయి, జాగీరుదారు మాత్రము జాగీరుదారుగానే మిగిలెను.

ఇక 1853వ సంవత్సరము మే నెలకు వత్తము. ఆనాడు హైదరాబాదు రాజ్యము కుంఫిణీవారికి నలుబది లక్షల రూప్యములకు మించి బాకీ ఉన్నదని వారు లెక్క చూపిరి. అది ఏమి బాకీ? కంటింజెంటు అను సేన జీతముల బాకీ. ఆ సేన నైజాము పేర ఉండెను, నైజాము ధనముతో నడచెను, ఆజ్ఞ మాత్రము కుంఫిణీ దొరలది. ఆ జీతముల క్రింద మే 21వ తేదీన బీరారు, రాయచూరు అంతర్వేది, నల్దుర్గము కుంఫిణీ చేతికి పోయినవి. రాయచూరు, నల్దుర్గము 1860లో తిరిగి వచ్చినవిగాని, మంచి ప్రత్తి పండు బీరారు మఱల నైజాము ఏలుబడికి రాలేదు. జీతములు జాగయిన ఫలమును రాజ్యమునకు రాజ్యమే అనుభవించినది.

ఆ సంధి జరిగిన కొలది దినములకే నాటి దివాను సిరాజుల్ ముల్కు గతించెను. ఆయన సోదరుని కుమారుడు మీర్ తురాబ్ అలీఖాను 24 ఏండ్ల వయస్సున దివాను అయ్యెను. లోకమున మొదటి సాలార్జంగు అని ప్రసిద్ధి కెక్కినవాడు ఈయనయే. పదవిలో కూర్చున్న నాడు ఖజానాలో చూచుకొనుటకు ఏమియు లేదు. రాజ్యమున అరబ్బులు, రోహిలాలు, పఠానులు జమాదారుల క్రింద గుంపులుగా ఉండిరి. వీరి జీతములు ఏండ్ల తరబడి బాకీ. బాకీకి హామీగా తాలూకాల పన్నులే వారి చేతిలో పెట్టబడినవి. జమాదారులు కోటలు పట్టుకొని కూర్చుండిరి, వడ్డీ వ్యాపారము చేసిరి, అప్పు తీర్పని వారిని తమ సొంత బందీఖానాలలో ఉంచిరి. జీతము రాని సిపాయిలు అధికారి వాకిట ధర్నా కూర్చుండుట ఆ కాలపు సైన్యములలో వాడుక. ధర్నా అను మాటను మీరు జ్ఞాపకముంచుకొనుడు, దానితో మనకు ముందు పని కలదు.

ఈ చిక్కును సాలార్జంగు కత్తితో తెంపలేదు, లెక్కలతో విప్పెను. ఒక్కొక్క జమాదారుని పిలిచి, బాకీ ఎంత, వడ్డీ ఎంత, న్యాయముగా చెల్లవలసినది ఎంత అని తేల్చి, డబ్బిచ్చి తాలూకాలను ఒకటొకటిగా విడిపించెను. అరబ్బుల వ్యాజ్యములకు ప్రత్యేక న్యాయస్థానము ఏర్పరచెను. 1865లో జిల్లాబందీ చేసి, పన్నులు గుత్తకిచ్చు పద్ధతి మాన్పి, జీతగాండ్రయిన తాలూకుదారులను నియమించెను. పన్ను నేరుగా ఖజానాకు చేరిననాడు గదా ఖజానా నుండి సిపాయికి జీతము చేరుట! కవాతు సేన వేరుగాను, పాత గుంపుల సేన నజ్మ్-ఎ-జమీయత్తు అను శాఖ క్రింద వేరుగాను నడచుచు వచ్చినవి. ఆయన 1883లో గతించునాటికి జమాదారు రాజ్యమును పట్టుకొనుట పోయి, రాజ్యము జమాదారును పోషించుట వచ్చెను.

సాలార్జంగును నేను గొప్ప మంత్రిగా ఎంతును. కాని ఒక మాట చెప్పక తప్పదు. బాకీ పుచ్చుకొన్న జమాదారుల పేర్లు చరిత్ర గ్రంథములలో కానవచ్చుచున్నవి. వాని క్రింద నడచి కాలు విరిగి ఊరు చేరిన సిపాయి పేరు ఎచ్చటను కానరాదు. తుపాకి వెనుక బలగమున్నవాడు తన బాకీ రాబట్టుకొనెను. కత్తి దించినవానికి పూచీ ఎవరని ఆనాడు అడిగినవారు లేరు, అడుగుటకు సభయును లేదు.

ఆ రోజులలోనే మన తెలుగువారు కుంఫిణీ సేనలో దూరదేశములు తిరిగిరి. చెన్నపట్టణము నుండి క్లైవుతో వంగదేశమునకు పోయిన సిపాయిలలో తెలుగువారు పలువురుండుటచే, ఉత్తర హిందూస్థానమున చాలకాలము సిపాయి అనిన చాలు, తిలంగా అనిరి. మన జాతిపేరు ఒక వృత్తికి పేరయినది. తాడేపల్లిగూడెము దగ్గర మాధవరము అను ఊరు కలదు. తరతరములుగా సిపాయిలను పంపుటచే దానిని మిలిటరీ మాధవరమని పిలుతురు.

1914లో మొదటి మహాసంగ్రామము వచ్చెను. హైదరాబాదు లాన్సర్లు అను ఆశ్విక దళము మైసూరు, జోధపురముల దళములతో కలిసి సూయజు, పాలస్తీనాలకు పోయెను. ఢిల్లీలో 1922లో నిలిపిన మూడు విగ్రహముల స్తంభము, తీన్ మూర్తి, ఆ మూడు సంస్థానముల సిపాయిల జ్ఞాపకార్థము నిలిపినదే. యుద్ధమున భారతీయులు సుమారు 74,000 మంది మరణించిరి. అంగవైకల్యముతో వచ్చినవారు ఎందరో. వీరి కుటుంబముల మంచిచెడ్డలు చూచుటకు 1919లో ఇండియన్ సోల్జర్స్ బోర్డు ఏర్పడినది. ఇంగ్లాండులో అంతకుముందే, 1916లో, పింఛనుల మంత్రిత్వశాఖ యొకటి స్థాపించి జార్జి బార్నెస్ అను కార్మిక నాయకుని మంత్రిగా నియమించిరి. అక్కడ పింఛను రాని సిపాయి తన పార్లమెంటు సభ్యునిచేత మంత్రిని నిలిపి అడిగింపగలడు. ఇక్కడ బోర్డు ఉన్నది, జనుల సభకు జవాబుదారియైన మంత్రి లేడు. ఈ భేదము చిన్నది కాదు.

మంత్రులున్న దేశములలో అన్నియు సవ్యముగా జరిగినవని అనుకొనరాదు. అమెరికాలో మొదటి యుద్ధపు సిపాయిలకు ఒక బహుమాన ద్రవ్యము నిర్ణయించి, దానిని 1945లో ఇత్తుమనిరి. 1932లో కఱవుదినములు వచ్చినవి. వేలాది పాత సిపాయిలు రాజధాని వాషింగ్టనుకు పోయి, ఆ సొమ్ము ఇప్పుడే ఇండని గుడిసెలు వేసికొని కూర్చుండిరి. జులై 28వ తేదీన ప్రభుత్వము సేనను పంపి వారిని తఱిమివేసి, గుడిసెలు కాల్పించెను. నిన్నటి సేనపై నేటి సేన! ధర్నా మన దేశపు మాటయే గాని, దాని అవసరము అన్ని దేశములది.

రెండవ యుద్ధము ముగియునాటికి భారతసేన 25 లక్షలయినది. అంతమంది యిండ్లకు మరలిన నాడు ఏమి చేయుదురు? 1945 జులైలో పునరావాస, ఉద్యోగ కల్పనలకు ఒక డైరెక్టరేటును శ్రామికశాఖ క్రింద తెఱచిరి. మనము నేడు ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి అను కార్యాలయము మొదట యుద్ధమునుండి వచ్చిన సిపాయిల కొఱకే విస్తరించినది, తరువాత ఎల్లవారికి తెఱవబడినది. అప్పుడు వైస్రాయి కార్యనిర్వాహక సంఘమున శ్రామికశాఖ చూచుచున్నవాడు డాక్టరు భీమరావు అంబేద్కరుగారు. ఆయన తండ్రి రాంజీ సక్పాల్ సేనలో సుబేదారు, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడు, పింఛనుపై బ్రదికిన మనుష్యుడు. కొలువు విడిచిన సిపాయి యింటిలో నెల యెట్లు గడచునో చిన్ననాడే చూచినవాడు ఆ శాఖయందుండుట నాకు సంతోషము కలిగించు సంగతి. మంత్రికి అట్టి యెఱుక తప్పనిసరి యని నేననను. ఉన్నచో మేలు.

మన రాజ్యపు సంగతి వేరు త్రోవ పట్టినది. 1948 సెప్టెంబరు 18వ తేదీన నైజాము సేనాధిపతి ఎల్ ఎడ్రూసు లొంగిపోయెను. మన నారాయణఖేడు అప్పుడు బీదరు జిల్లాలోనిది. 1956లో రాష్ట్రముల పునర్విభజనమున మెదకునకు వచ్చినది, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. నైజాము సేన క్రమముగా రద్దయినది. 1949 ఆగస్టులో జాగీరులును రద్దయినవి. భూస్వామ్యపు భారము తొలగుట రైతుకు మేలయ్యెను. కాని ఆ దేవుడీలను కాచుచు, ఆ దళములలో గుఱ్ఱములు తోలుచు బ్రదికిన చిన్నవాండ్ర జీవనమును అదే ఊపున పోయినది. వారిని ఓడిన పక్షమువారిగా చూచిన కాలమది. హైదరాబాదులో బార్కస్ అనుపేట అరబ్బు సిపాయిల బారకాసుల పేరు. ఏ.సి. గార్డ్స్ అనునది ఆఫ్రికా జాతి ఆశ్వికుల దళము పేరు. దళములు పోయినవి, పేటలు నిలిచినవి, మనుమలు అక్కడనే ఉన్నారు.

స్వతంత్ర భారతమున మొదటి రక్షణమంత్రి సర్దారు బలదేవసింగు. ఆయన కాలముననే, 1949లో, ప్రతి డిసెంబరు 7వ తేదీని పతాక దినముగా జరుపుటకు నిశ్చయించిరి. బడిపిల్లల చేతికి చిన్న జెండాలిచ్చి, రూపాయి అర్ధరూపాయి పోగుచేసి పంపుట మాకు పంతుళ్లందఱకు అలవాటయిన పని. పిల్లలు ఆ పైసలు ఎవరికని అడిగెడివారు. ఆ ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పుటకు మంత్రిత్వశాఖ పని కొంత తెలియవలెను.

మన దేశమున పాత సిపాయిల పూచీ రక్షణమంత్రిది. 1919 నాటి బోర్డు 1975 నుండి కేంద్రీయ సైనిక బోర్డు అను పేర నడచుచున్నది, దానికి రక్షణమంత్రి అధ్యక్షుడు. 2003 ఏప్రిలునుండి వారి వైద్యమునకు ఇ.సి.హెచ్.ఎస్. అను పథకము వచ్చినది. ఇన్ని ఉన్నను, ప్రత్యేకముగా మాజీ సైనికుల సంక్షేమ శాఖ యొకటి రక్షణ మంత్రిత్వశాఖలో ఏర్పడుట 2004 సెప్టెంబరులో గాని జరుగలేదు. స్వాతంత్ర్యము వచ్చిన 57 ఏండ్లకు! అంతవఱకు పింఛను సంగతి తుపాకులు కొను శాఖ బల్లమీదనే, తుపాకుల కాగితముల క్రింద, పడియుండెను.

మాబోటి బడిపంతులు వయస్సు మళ్లినపిదప కొలువు దిగును. జవాను సంగతి అట్లు కాదు. పదునెనిమిది ఇరువది ఏండ్లకు చేరి, నలుబది నిండకయే ఇంటికి వచ్చును. అప్పటికి పిల్లలు చిన్నవారు, తల్లిదండ్రులు ముసలివారు. అతని పింఛను దీర్ఘకాలము సాగవలెను, ఆ కాలములో ధరలు పెరుగును. ఇక్కడ పుట్టినదే ఒకే హోదాకు ఒకే పింఛను అను కోరిక. ఇద్దఱు హవల్దారులు అనుకొనుడు. ఇద్దఱును సమాన కాలము పనిచేసిరి. ఒకడు 1985లోను, మఱియొకడు 2010లోను కొలువు విడిచిరి. మొదటివాడు వయస్సున పెద్ద, అవసరము ఎక్కువ, పింఛను తక్కువ. ఇది ఏమి న్యాయమని పాత సిపాయిలు 1980ల నుండి అడుగుచు వచ్చిరి. 2011లో భగత్‌సింగ్ కోశియారీ అధ్యక్షతన రాజ్యసభ సంఘము వారి పక్షమున నివేదిక ఇచ్చెను. 2014లో ఇద్దఱు ఆర్థికమంత్రులు వరుసగా, ఒకరు ఫిబ్రవరిలో 500 కోట్లు, మఱియొకరు జులైలో 1000 కోట్లు అని పద్దులో చెప్పిరి. ఇది గమనింపదగినది. మాట ఇచ్చువాడు రక్షణమంత్రి, ఖజానా తాళపుచెవి ఆర్థికమంత్రి మొలలో ఉండును. పాత సిపాయిల మంత్రికి నిజమైన పని శత్రువుతో కాదు, తన ప్రక్క కుర్చీతో.

2015 జూనులో పాత సిపాయిలు, పతకములు ధరించిన ముసలివారు, ఢిల్లీలో జంతర్ మంతర్ వద్ద కూర్చుండిరి. నేను చెప్పిన ధర్నాయే. సాలార్జంగు కాలపు సిపాయి చేతిలో ఆయుధము ఉండెను, వీరి చేతిలో లేదు. సెప్టెంబరు 5వ తేదీన రక్షణమంత్రి మనోహర్ పారికర్ ఆ పద్ధతిని ప్రకటించెను, నవంబరులో ఉత్తరువు వెలువడెను, 2014 జులై 1 నుండి అమలు అనిరి. ఐదేండ్లకొకసారి సరిచూడవలెనని నిబంధన. ఏటేట సరిచూడవలెనని కోరినవారు న్యాయస్థానమునకు పోయిరి. సుప్రీంకోర్టు 2022 మార్చిలో ప్రభుత్వపు పద్ధతినే నిలిపెను, కాని 2019నాటి సవరణ బాకీలను చెల్లింపుడనెను. చెల్లింపు జాగయ్యెను. 2023 మార్చిలో అదే న్యాయస్థానము గట్టిగా మందలించి, కుటుంబ పింఛనువారికి ఏప్రిలు చివరకు, డెబ్బది దాటినవారికి జూను చివరకు, తక్కినవారికి 2024 ఫిబ్రవరిలోపల మూడు వాయిదాలలో అని గడువులు పెట్టెను. నారదుడు అడిగిన జాగు ప్రశ్నను ఈసారి న్యాయమూర్తులు అడిగిరి. జవాబు చెప్పుటకు ఒక శాఖ, ఒక మంత్రి ఉండెను గనుక గడువులు పెట్టుట సాధ్యమయ్యెను.

అయినను ఒక కొత్త ప్రశ్న మన గడపకు వచ్చినది. 2022 జూనులో అగ్నిపథమని యొక పద్ధతి పెట్టిరి. దాని ప్రకారము చేరిన పిల్లవాడు నాలుగేండ్లు పనిచేయును. నూటికి ఇరువదియైదుగురికి మించకుండ కొందఱిని నిలుపుకొని తక్కినవారిని ఒక మొత్తము సొమ్ముతో పంపుదురు. వారికి పింఛను లేదు. కేంద్ర పోలీసు బలగములలో వారికి నూటికి పది స్థానములు కేటాయింతుమని హోం మంత్రిత్వశాఖ ప్రకటించెను. మీ మనుమలలో ఎవడేని సేనకు పోయెదనన్నచో, వాడు ఇరువది రెండు, ఇరువది మూడేండ్లకు తిరిగి వచ్చునని లెక్కించి మాటలాడుడు. పోవలదని నేననుట లేదు. ఆ వయస్సున వచ్చినవాని పూచీ ఎంతవఱకు ఢిల్లీది, ఎంతవఱకు రాష్ట్రముది అనునది ఇంకను తేలవలసిన సంగతి.

తుదకు మన ఊరి సంగతి. రక్షణమంత్రి దూరమున నున్నాడు, కాని ఆయన క్రింది వరుస మన దాకా వచ్చును. రాష్ట్రమున రాజ్య సైనిక బోర్డు, జిల్లాలో జిల్లా సైనిక బోర్డు. జిల్లా బోర్డునకు కలెక్టరే అధ్యక్షుడు, దాని పనిచూచు సంక్షేమాధికారి వేరొకడు ఉండును. సిపాయి గాని, వాని విధవ గాని మొదట పోవలసినది ఆ కార్యాలయమునకు.

నేను బడిలో పనిచేయునాడు పింఛను కాగితములు చదివి పెట్టుమని వచ్చువారు ఉండిరి. వారి చిక్కులలో ఎక్కువ భాగము పేర్ల చిక్కులే. డిశ్చార్జి పుస్తకమున ఎల్లయ్య అని ఉండును, రేషను కార్డున ఎల్లాగౌడు అని ఉండును. భార్య పేరు సేనవారి కాగితములలో అసలు ఎక్కియే యుండదు. మగడు బ్రదికి యున్నంతకాలము ఇది ఎవరికిని తోచదు. అతడు పోయిన మఱునాటి నుండి ఆమె తాను అతని భార్యనని ఋజువు చేసికొనుటకు తిరుగవలసివచ్చును. ఒక ముసలమ్మ అట్లు రెండేండ్లు తిరుగుట నేను చూచితిని. ఆమెకు మంత్రి పేరు తెలియదు, బోర్డు పేరు తెలియదు, బస్సు వేళలు మాత్రము బాగుగా తెలిసినవి.

కావున మీ ఊరిలో సిపాయి యిల్లున్నచో, ఆ డిశ్చార్జి పుస్తకమును, పింఛను ఉత్తరువును ఒకసారి తెప్పించి చదివి చూడుడు. భార్య పేరు, పుట్టిన తేదీ, ఇంటిపేరు ఆధారు కార్డుతో సరిపోవుచున్నవో లేదో చూచి, తేడాయున్నచో అతడు ఉండగనే జిల్లా కార్యాలయము ద్వారా సరిచేయింపుడు. ఏటికొకసారి బ్రదికియున్నట్లు ఈయవలసిన ధ్రువపత్రము ఈయకున్నచో పింఛను ఆగును. ఇప్పుడు అది స్పర్శ అను కంప్యూటరు పద్ధతిలో జరుగుచున్నది, వ్రేలిముద్ర అరిగిపోయిన ముసలివారికి అచట తోడు పోవువాడు ఒకడు కావలెను.